జార్జ్ ప్రైస్ తనంతట తాను వెళ్లలేదు

నవంబరు 11న మా ఊరి యుద్ధ స్మారకం దగ్గర జరిగిన సభలో ఒక పెద్దాయన మాట్లాడుతూ, ఈ రాతి మీద చెక్కిన ప్రతి పేరూ తన ఇష్టంతో యుద్ధానికి వెళ్లిన మనిషిదేనని అన్నాడు. మేముండే కెనడాలోని సస్కాచువాన్ రాష్ట్రంలో, యుద్ధాల్లో పోయినవాళ్లను తలచుకునే ఆ రోజు సెలవు. ఎముకలు కొరికే చలిలో, కోటుకు ఎర్ర పాపీ పువ్వు గుచ్చుకుని నిలబడ్డ జనంలో ఆ మాటకు ఎవరూ అడ్డు చెప్పలేదు. అలాంటి చోట అడ్డు చెప్పడం మర్యాద కూడా కాదు. కానీ ఆ మాట నాకు మింగుడుపడలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన చివరి కెనడా సైనికుడు సైన్యంలోకి వెళ్లింది ఈ రాష్ట్రం నుంచే. అతను ఇష్టపడి వెళ్లలేదు. చట్టం తీసుకెళ్లింది.

అతని పేరు జార్జ్ లారెన్స్ ప్రైస్. తూర్పు తీరాన నోవా స్కోషియాలోని ఫాల్మత్‌లో 1892 డిసెంబరులో పుట్టాడు. కుర్రతనంలోనే పడమటికి వలస వచ్చి మా సస్కాచువాన్‌లోని మూస్ జా ఊళ్లో ఉండేవాడు. 1917 అక్టోబరులో నిర్బంధ భర్తీ కింద తీసుకున్నారు. 28వ బెటాలియన్‌లో (బెటాలియన్ అంటే వెయ్యిమంది వరకు ఉండే దళం), ఎ కంపెనీలో ప్రైవేటు. పదాతిదళంలో అంతకంటే కింది మెట్టు లేదు. 1918 నవంబరు 11న బెల్జియంలోని వీల్-సుర్-ఏన్ అనే పల్లెలో ఛాతీలో తూటా దిగి చనిపోయాడు. అప్పుడు సమయం 10:58. కాల్పుల విరమణ 11 గంటలకు. మరో నెల బతికి ఉంటే ఇరవయ్యారు నిండేవి.

ఆ రెండు నిమిషాల సంగతి ఇక్కడ బడిపిల్లలకు కూడా చెబుతారు. నిర్బంధ భర్తీ సంగతి దగ్గరకు వచ్చేసరికి చాలామంది దాటేస్తారు. చెప్పినా పుట్టిన ఊరు చెప్పినంత పొడిగా చెప్పి ముందుకు పోతారు. నా దృష్టిలో అసలు సంగతి అదే. తనంతట తాను ముందుకొచ్చి చనిపోయినవాడికి దేశం ఎంత బాకీ పడుతుందో, బలవంతాన లాక్కెళ్లి పోగొట్టుకున్నవాడికి అంతకంటే ఎక్కువ బాకీ పడుతుంది. కానీ జ్ఞాపకాల్లో వరస తలకిందులైంది. స్వచ్ఛంద సైనికుడిది పీట మీద చోటు. నిర్బంధ సైనికుడిని కాస్త తక్కువవాడిగా చూడటమో, లేదంటే ఆ పెద్దాయన చేసినట్టు అతన్ని కూడా స్వచ్ఛంద సైనికుల గుంపులో కలిపేయడమో జరుగుతుంది. రెండోది గౌరవంలాగే కనిపిస్తుంది. దానివల్ల తప్పించుకునేది మాత్రం ప్రభుత్వం.

చట్టం ఎవరిని పట్టుకుంది

1917 ఏప్రిల్‌లో ఫ్రాన్సులోని విమీ గుట్ట మీద నాలుగు రోజుల్లో కెనడా దళానికి తగిలిన నష్టం, చనిపోయినవాళ్లూ గాయపడ్డవాళ్లూ కలిపి, 10,602 మంది. అందులో 3,598 మంది చనిపోయారు. ఆ నెల మొత్తంలో దేశమంతటా కొత్తగా సైన్యంలో చేరినవాళ్లు ఐదు వేలు కూడా లేరు. లెక్క తేలికగానే అర్థమవుతుంది. నిర్బంధ భర్తీ పెట్టనని 1914లో మాట ఇచ్చిన ప్రధాని రాబర్ట్ బోర్డెన్ 1917 మేలో ఆ మాట వెనక్కి తీసుకున్నాడు. ఆగస్టు 29న సైనిక సేవా చట్టం వచ్చింది. అక్టోబరులో మొదటి తరగతిని పిలిచారు: 20 నుంచి 34 ఏళ్ల లోపు పెళ్లికాని మగవాళ్లు, భార్య పోయి పిల్లలు లేనివాళ్లు.

పిలుపు అందినవాళ్లలో నూటికి తొంభైమందికి పైగా మినహాయింపు కావాలని దరఖాస్తు పెట్టుకున్నారు. దీన్ని ఫ్రెంచి మాట్లాడే క్యూబెక్ నెత్తిన రుద్దడం ఇప్పటికీ కొందరికి అలవాటు. ఇంగ్లీషు మాట్లాడే ఒంటారియోలోనూ ఆ నిష్పత్తి తొంభై దాటిన సంగతి వాళ్లు చెప్పరు. అంటే, 1917 చివరినాటికి ఇంట్లో మిగిలి ఉన్న పెళ్లికాని కెనడా యువకుడు ఏ భాషవాడైనా సరే, వెళ్లకుండా ఉండే దారి దొరికితే చాలనుకున్నాడు. మూడేళ్లుగా పత్రికల్లో మృతుల జాబితాలు చదువుతూ వచ్చినవాడు అలా అనుకోవడంలో పిరికితనం ఏముంది?

ఆ దరఖాస్తుల మీద తీర్పు చెప్పడానికి దేశమంతటా పన్నెండు వందలకు పైగా స్థానిక ట్రిబ్యునళ్లు పెట్టారు. ఒక్కోదానిలో ఇద్దరు సభ్యులు. పొలం, చదువు, ఫ్యాక్టరీ పని, అనారోగ్యం, మత విశ్వాసం లాంటి కారణాలు చెప్పుకోవచ్చు. ఒక ఊళ్లో చెల్లిన కారణం పక్క ఊళ్లో చెల్లకపోవచ్చు. ఆ ఇద్దరు పెద్దమనుషులకు కుర్రవాడి తండ్రి తెలిసినవాడైతే ఒక రకం, కాకపోతే మరో రకం. ప్రాణానికి సంబంధించిన తీర్పు ఇంత నాసిరకంగా జరగడం నాకు చట్టం కంటే ఎక్కువగా గుచ్చుకుంటుంది. యుద్ధం అవసరమా కాదా అన్న చర్చలో తలపండినవాళ్లు రెండువైపులా ఉన్నారు. కానీ ఎవరు వెళ్లాలో తేల్చిన పద్ధతిని సమర్థించే మాట నాకు ఎక్కడా దొరకలేదు.

రైతు కొడుకుల కథ వేరు. 1917 డిసెంబరు 17న ఎన్నికలు. వాటికి ముందు బోర్డెన్ ప్రభుత్వం సైనికుల భార్యలకు, తల్లులకు, అక్కచెల్లెళ్లకు ఓటు ఇచ్చింది. శత్రుదేశాల్లో పుట్టి 1902 మార్చి తర్వాత పౌరసత్వం పొందినవాళ్ల ఓటు తీసేసింది. రైతు కొడుకులను పిలవబోమని హామీ ఇచ్చింది. గెలిచింది. తర్వాతి మార్చి 21న పశ్చిమ రంగంలో జర్మన్లు విరుచుకుపడటంతో, ఏప్రిల్‌లో ఆ మినహాయింపులను రద్దు చేసింది. మేలో ఐదు వేలమంది రైతులు ఒట్టావాకు వెళ్లి మొరపెట్టుకున్నా బోర్డెన్ కరగలేదు. మా ప్రాంతపు గోధుమ రైతుల ఇళ్లలో ఆ మాట తప్పడం తరతరాలు గుర్తుండిపోయిందంటారు. గుర్తుండక ఏమవుతుంది, విత్తనాలు వేసే నెలలో కొడుకును తీసుకుపోతే!

క్యూబెక్ నగరంలో ఈస్టరు రోజుల్లో నిర్బంధ భర్తీ మీద అల్లర్లు చెలరేగాయి. టొరంటో నుంచి రప్పించిన సైనికులు 1918 ఏప్రిల్ 1న జనం మీద కాల్పులు జరిపితే నలుగురు పౌరులు చనిపోయారు. వారిలో ఒకడు పద్నాలుగు, పదిహేనేళ్ల కుర్రాడు. నిర్బంధ భర్తీ ఖర్చు లెక్క వేసేటప్పుడు ఆ నాలుగు పేర్లు కూడా అదే రాతి మీద ఉండాలని నాకు అనిపిస్తుంది.

ఇరవై నాలుగు వేలమంది దేనికి

ఇప్పుడు నా వాదనకు ఎదురయ్యే అతి బలమైన ప్రశ్న. చట్టం కింద పేర్లు నమోదు చేసుకున్నవాళ్లు నాలుగు లక్షలకు పైగా. అందులో సైన్యం లెక్కలోకి ఎక్కినవాళ్లు 1,24,588. యుద్ధం ముగిసేనాటికి ఫ్రాన్సులో బెటాలియన్లకు చేరినవాళ్లు 24,132 మాత్రమే. ఈ కాస్త కోసమేనా దేశాన్ని రెండుగా చీల్చింది? చాలాకాలం చరిత్ర పుస్తకాల్లో నిలిచిన మాట ఇది. నిర్బంధ సైనికుడు ఆలస్యంగా వచ్చాడు, తక్కువగా వచ్చాడు, అతనివల్ల ఒరిగిందేమీ లేదు అని.

ఇందులో సగం నిజం ఉంది. చీలిక నిజం. కానీ 'తక్కువ' అనేది దేనితో పోల్చి? 1918 ఆగస్టు 8న ఫ్రాన్సులోని ఆమియాన్ దగ్గర మొదలై బెల్జియంలోని మోన్స్‌లో ముగిసిన యుద్ధపు చివరి వంద రోజుల్లో కెనడా కోర్, అంటే అక్కడ పోరాడిన కెనడా సైన్యం, మొత్తం లక్ష మంది. నష్టం దాదాపు 45,000. దెబ్బతిన్నవాళ్లలో అత్యధికులు పదాతి సైనికులు. షెరిజీ దగ్గర 22వ బెటాలియన్ అధికారులందరూ చనిపోవడమో గాయపడటమో జరిగింది. ఒక్కరు కూడా మిగల్లేదు. బ్రిటిష్ డివిజన్లు మనుషులు చాలక తొమ్మిదేసి బెటాలియన్లకు కుదించుకుంటే, కెనడా కోర్ అధిపతి జనరల్ కర్రీ మాత్రం కెనడా డివిజన్లను పన్నెండేసి బెటాలియన్లతోనే నడిపాడు. ఆ గొప్ప గురించి ఇక్కడ బాగా చెప్పుకుంటారు. ఆ పన్నెండు బెటాలియన్లను నింపింది ఎవరు? ఇంగ్లండులో ఉన్న ఐదో డివిజన్‌ను విడగొట్టి తెచ్చినవాళ్లు కొందరు. సెప్టెంబరు, అక్టోబరుల్లో కాంబ్రే దారిలో వచ్చి చేరినవాళ్లలో నిర్బంధ సైనికులు ఎందరో. ఒకప్పుడు వాళ్లవల్ల ప్రయోజనం లేదన్న చరిత్రకారుల్లోనే కొందరు తర్వాత అభిప్రాయం మార్చుకున్నది ఈ లెక్క చూసే.

అయితే ఈ వాదన మీద ఎక్కువ బరువు పెట్టడం నాకు ఇష్టం లేదు. ఉపయోగపడ్డారు కాబట్టి గౌరవించాలంటే, ఉపయోగపడనివాళ్ల మాటేమిటి? ఇంగ్లండు శిబిరంలో ఇన్‌ఫ్లుయెంజాతో పోయినవాడు, ఫ్రాన్సులో దిగిన మొదటి వారంలోనే ఫిరంగి గుండుకు ఎర అయినవాడు ఏ పొలిమేరా దాటలేదు, ఏ వంతెనా పట్టుకోలేదు. ప్రభుత్వం పడ్డ బాకీ అతను సాధించినదాన్ని బట్టి ఉండదు. అతని దగ్గర తీసుకున్నదాన్ని బట్టి ఉంటుంది.

కాలువ అవతల ఇళ్లు

ప్రైస్ చివరి ఉదయాన్ని కాస్త దగ్గరగా చూడాలి. నా వాదనను ఇబ్బంది పెట్టేది అదే.

28వ బెటాలియన్ తెల్లవారుజామున నాలుగు గంటలకు మోన్స్‌కు దక్షిణాన ఉన్న ఫ్రామెరీ నుంచి బయల్దేరింది. ఆవ్రే ఊరి వరకు వెళ్లి కాలువ మీది వంతెనలన్నీ పట్టుకోవాలని ఆజ్ఞ. దారిలో పెద్ద ప్రతిఘటన లేదు. తొమ్మిది గంటలకల్లా కాలువ గట్టుకు చేరారు. పదకొండుకు యుద్ధం ఆగిపోతుందన్న కబురు కూడా అందింది. ఇక రెండు గంటలు గట్టున కూర్చుంటే చాలు.

కానీ ఆ గట్టు బోసిగా ఉంది. అవతలి ఒడ్డున ఇళ్లు. ఆ ఇళ్ల పైకప్పు కిటికీల దగ్గర ఇటుకలు ఊడదీసి ఉన్నాయి. సైనికుడు కానివాడికి అది పాడుబడ్డ గోడ. వీళ్లకు మాత్రం అవి తుపాకి గొట్టం పెట్టడానికి చేసిన కన్నాలు. ప్రైస్, అతని తోటివాడు ఆర్ట్ గుడ్‌వర్తీ, మరో ముగ్గురు వంతెన దాటి ఆ ఇళ్లు వెతకడానికి వెళ్లారు. ఎవరూ పంపలేదు, తామే అనుకుని వెళ్లామని గుడ్‌వర్తీ తర్వాతి రోజుల్లో చెప్పాడు. ఒక్కో ఇల్లూ చూస్తూ పోతే, ఇటుక గోడ వెంట మెషిన్‌గన్లు బిగిస్తున్న జర్మన్లు కనిపించారు. కాల్పులు మొదలయ్యాయి. ఇంటి గోడలు వీళ్లను కాపాడాయి. తమ జాడ తెలిసిపోయిందని జర్మన్లు వెనక్కి తగ్గడం మొదలుపెట్టారు. బయటికి వెళ్లొద్దని ఆ ఇంట్లోని బెల్జియన్లు హెచ్చరించారు. ప్రైస్ వీధిలో అడుగుపెట్టాడు. చాటునుంచి గురిచూసి కాల్చిన తూటా ఛాతీకి తగిలింది. లోపలికి లాగారు. వీధి అవతలి నుంచి ఒక యువతి, నర్సు, పరుగెత్తుకొచ్చి చూసింది. అప్పటికే చేయగలిగింది లేకపోయింది.

చూశారా, చట్టం లాక్కెళ్లినవాడు వంతెన మాత్రం ఎవరూ చెప్పకుండానే దాటాడు. అయితే ఆ పెద్దాయన మాటే నిజమని ఎవరైనా అనవచ్చు: ఎలా చేరినా, చివరికి అతను స్వచ్ఛంద సైనికుడే కదా! చాలా రోజులు ఈ ప్రశ్నతో కుస్తీ పట్టాను. నాకు తోచిన సమాధానం ఇది. వంతెన మీది అడుగులు అతనివే, ఎవరూ కాదనలేరు. మూస్ జా నుంచి ఆ వంతెన వరకు వచ్చిన వేల మైళ్లు అతనివి కావు. ఆ గట్టు మీద అతను ఆలోచించింది పక్కనున్నవాళ్ల ప్రాణాల గురించే అయి ఉండాలి. యుద్ధం న్యాయమా, బోర్డెన్ మంచివాడా అన్న ఆలోచనకు అక్కడ తావు లేదు. ముంచెత్తే వరదలో ఎవరో తోసేసినవాడు పక్కవాడిని ఒడ్డుకు నెడితే, తోసినవాడి తప్పు తగ్గదు.

ఇంకో చిత్రం ఉంది. అమెరికా తరఫున చివరగా, 10:59కి చనిపోయాడని చెప్పే హెన్రీ గంథర్ కూడా నిర్బంధ భర్తీలో వచ్చినవాడే. బాల్టిమోరు మనిషి, జర్మన్ వలస కుటుంబం. నువ్వు మాత్రం చేరకు అని మిత్రుడికి రాసిన ఉత్తరం పైవాళ్ల కంటపడి సార్జెంటు హోదా పోగొట్టుకున్నాడు. చివరి నిమిషంలో, వద్దని జర్మన్లే చేతులు ఊపుతున్నా వాళ్ల మెషిన్‌గన్ మీదికి పరుగెత్తాడు. ఇద్దరి మరణాలనూ ఒకే గాటన కట్టలేం. గంథర్ కోల్పోయిన పరువు కోసం పరుగెత్తాడంటారు. ప్రైస్‌ది ఆరితేరిన సైనికుడి జాగ్రత్త. కానీ యుద్ధం ఇష్టపడని మనుషులనే చివరి ఘడియల్లో అతి ప్రమాదకరమైన చోట చూడటం, స్వచ్ఛందులే ధీరులన్న మాటకు మంచి జవాబు.

ఆ ఉదయం మోన్స్ కోసం ఎవరైనా ఎందుకు చావాలన్న ప్రశ్నను కెనడా పదేళ్ల తర్వాత కోర్టులో విన్నది. కీర్తి కోసం కర్రీ అనవసరంగా ప్రాణాలు బలిపెట్టాడని పోర్ట్ హోప్ పత్రిక ఒకటి 1927లో రాస్తే, ఆయన పరువునష్టం దావా వేశాడు. 1928లో గెలిచాడు. అడిగింది 50,000 డాలర్లు, కోర్టు ఇప్పించింది 500. ఆ దావాలో నేను ఏ పక్షమూ తీసుకోలేను. కాలువ దాటమన్న ఆజ్ఞ ఎలాగూ కర్రీది కాదు.

ఇష్టం ఎంతవరకు

స్వచ్ఛందమని మనం పూజించే దానిలోనూ కొంత తవ్వి చూడాలి. 1914లో వెళ్లిన కెనడా మొదటి దళంలో సగానికి పైగా బ్రిటన్‌లో పుట్టినవాళ్లు. వాళ్లకది పుట్టింటి పిలుపు. ఆ ఏడాది దేశంలో నిరుద్యోగం తాండవించింది. సైన్యంలో రోజుకు డాలరు పది సెంట్లు, తిండి, బట్ట. ఆ జీతమే తర్వాత నిర్బంధ సైనికుడికీ ఇచ్చారు. ఇక వీధిలో తెల్ల ఈకలు చేతికిచ్చి పిరికివాడా అని సిగ్గుపరచడం సరేసరి. ఆకలి తోస్తే వెళ్లినవాడు స్వచ్ఛందుడు, చట్టం తోస్తే వెళ్లినవాడు కాదా?

తెలుగువాళ్లకు ఇది కొత్త సంగతేమీ కాదు. పశ్చిమ గోదావరిలోని మిలిటరీ మాధవరం పేరు విననివాళ్లు తక్కువ. రెండు ప్రపంచ యుద్ధాలకూ మనుషులను పంపిన ఊరది. భారత సైన్యంలో చట్టప్రకారం నిర్బంధ భర్తీ లేదు కాబట్టి అందరూ ఇష్టపూర్వకంగా వెళ్లారని చెప్పుకుంటాం. 1917-18 నాటికి పంజాబు పల్లెల్లో ఊరికింతమంది అని కోటాలు కట్టి, ఒత్తిళ్లు తెచ్చి మనుషులను పోగుచేసిన సంగతి ఆ మాట వెనక ఉండిపోతుంది. ఈనాటికీ సైన్యం భర్తీ ర్యాలీలో తెల్లవారుజామున వరుసలో నిలబడే కుర్రవాడిని కదిపి చూడండి. దేశభక్తి, ఇంటి అప్పు, వ్యాయామం మీద ఇష్టం, చెల్లెలి పెళ్లి అన్నీ కలగలిసి ఉంటాయి. అతని ధైర్యానికి దానివల్ల వచ్చిన లోటేమీ లేదు.

కెనడాలోనే దీనికి తిరగబడిన ఉదాహరణ ఒకటుంది. బ్రిటిష్ కొలంబియాలో మనవాళ్లకు అప్పట్లో ఓటు హక్కు లేదు. అయినా కెనడా సైన్యంలో చేరిన సిక్కులు కొద్దిమంది ఉన్నారు. బక్కమ్ సింగ్ 1915లో చేరి, ఫ్లాండర్స్‌లో గాయపడి, 1919లో క్షయతో చనిపోయాడు. ఓటు లేని దేశం కోసం ఇష్టపడి వెళ్లినవాడు ఒకడు, ఓటున్న దేశం బలవంతంగా పంపినవాడు ఇంకొకడు. ఇష్టాన్ని బట్టి పీటలు వేసే పద్ధతిలో బక్కమ్ సింగ్‌కు అగ్రపీఠం దక్కాలి. దశాబ్దాలపాటు ఎవరికీ ఆయన పేరు కూడా తెలియదు.

రెండో ప్రపంచ యుద్ధం వచ్చేసరికి ఈ పీటల బుద్ధి వెక్కిరింతగా మారింది. 1940 చట్టం కింద దేశరక్షణకు పిలిచి, విదేశానికి వెళ్లడానికి సంతకం చేయనివాళ్లకు జాంబీలని, అంటే నడిచే శవాలని, పేరు పెట్టారు. 1944 చివర్లో వాళ్లను కూడా పంపాలని ప్రభుత్వం నిర్ణయిస్తే టెరేస్ శిబిరంలో తిరుగుబాటు చేశారు. దాదాపు 13,000 మందిని ఓడలెక్కించారు. యుద్ధరంగంలో బెటాలియన్లకు చేరినవాళ్లు 2,463 మంది. చనిపోయినవాళ్లు 69. జాంబీ అని పిలిపించుకుని హాలండులోనో జర్మనీలోనో ప్రాణం వదిలిన ఆ 69 మందికి ఎవరు ఏ మాట చెప్పగలరు?

ఫలకం మీద లేనిది

1968 నవంబరు 11న ప్రైస్ తోటి సైనికులు వీల్-సుర్-ఏన్‌లో ఫలకం పెట్టించారు. అతని నంబరు, బెటాలియన్, బ్రిగేడు, డివిజన్, 10:58 అన్న సమయం, పశ్చిమ రంగంలో చనిపోయిన చివరి కెనడా సైనికుడన్న మాట అన్నీ దాని మీద ఉన్నాయి. ఎలా చేరాడన్నది లేదు. ఆ ఫలకం నన్ను చాలాసేపు ఆపింది. అప్పటికి ముసలివాళ్లయిన ఆ మనుషుల్లో ఇష్టపడి చేరినవాళ్లే ఎక్కువమంది అయి ఉంటారు. అతను తమవాడని చెప్పుకోవడానికి వాళ్లకు మరో వివరం అవసరం కాలేదు. వాళ్లకు ఆ హక్కు ఉంది. కందకంలో పక్కన పడుకున్నవాడు చట్టం వల్ల వచ్చాడా, సంతకం పెట్టి వచ్చాడా అన్నది వాళ్లే పక్కన పెట్టారు కాబట్టి.

ప్రభుత్వాలకు, సభలకు, పాఠ్యపుస్తకాలకు ఆ హక్కు లేదు. తోటివాడు మరచిపోతే అది ఆత్మీయత. పిలుపు కాగితం పంపినవాడు మరచిపోతే బాకీ ఎగ్గొట్టడం. స్మారక సభల్లో చదివే జాబితాల్లో పేరు, ఊరు, వయసు ఉంటాయి. దాని పక్కన ఇంకొక్క మాట, సైనిక సేవా చట్టం 1917 అని, ఆ చట్టం కింద వెళ్లినవాళ్లందరికీ చదవాలని నా కోరిక. కొన్ని కుటుంబాలు నొచ్చుకోవచ్చు. తాతను తక్కువ చేశారని అనుకోవచ్చు. ఆ నొప్పి ఎక్కడి నుంచి వస్తుందో ఆలోచిస్తే, నిర్బంధ భర్తీ అంటే సిగ్గు అని వాళ్లకు నేర్పింది ఎవరో కూడా తేలుతుంది. రికార్డులు ఒట్టావాలో భద్రంగానే ఉన్నాయి, ఎవరు ఎలా చేరారో ఫైళ్లలో రాసే ఉంది. చదవడానికి పెద్ద ఖర్చేమీ కాదు.